లేత్ షాపులో పుట్టిన వస్తువుకు పేటెంట్, ఆపైన బేరం: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు లేత్ షాపు నడిపాను. ఇప్పుడు మిషను దగ్గర మా అబ్బాయి నిలబడుతున్నాడు, నేను కుర్చీలో కూర్చుని పదిమంది కాగితాలు చూస్తున్నాను. గుణుపూర్ రైలు దిగి వచ్చేవారు, రాయగడ నుంచో బరంపురం నుంచో ఫోను చేసేవారు, ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చేవారు, అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను వకీలును కాను, పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టే ఏజెంటునూ కాను. రెండు వస్తువులు కనిపెట్టి, మొదటిదానికి హక్కు పోగొట్టుకుని, రెండోదానికి హక్కు సంపాదించి కూడా అమ్ముకోలేకపోయిన మనిషిని. నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి.

మనసులో మంచి ఆలోచన ఉంది. దానికి పేటెంట్ వస్తుందా?

పేటెంట్ అంటే మీరు కనిపెట్టినదాన్ని మీ అనుమతి లేకుండా ఇంకొకరు చేసి అమ్మకుండా కొన్నేళ్లు ఆపే హక్కు. అది ఉత్త ఆలోచనకు రాదు. ఆ ఆలోచన పనిచేసే తీరును కాగితం మీద చెప్పగలిగితే, అప్పుడు మాట్లాడుకోవచ్చు. చూసేవి మూడు. ప్రపంచంలో ఎక్కడా ఇంతకుముందు బయటపడినది కాకూడదు. ఆ పని తెలిసిన మనిషికి ఇట్టే తట్టేది కాకూడదు. తయారుచేసి వాడుకోగలిగినది కావాలి. తయారైన నమూనా చూపించాలని మామూలుగా అడగరు. కానీ చేసి చూడకుండా రాసిన కాగితం ఎక్కడో ఒకచోట తడబడుతుందని నా అనుభవం.

1970 నాటి పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3 అని ఒకటి ఉంది. వేటికి పేటెంట్ రాదో అందులో వరుసగా చెప్పారు. దాన్ని చదవకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. వ్యవసాయ పద్ధతికి రాదు. అంటే వరి నాటే కొత్త తీరుకు రాదు, నాటే యంత్రానికి రావచ్చు. వైద్యం చేసే పద్ధతికి రాదు. వ్యాపార పద్ధతికి, ఆట నియమాలకు, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు రాదు. తెలిసిన వస్తువులను పక్కపక్కన బిగించి, దేని పని అది చేసుకుపోతుంటే దానికీ రాదు. కొడవలికి టార్చిలైటు కట్టి తెచ్చాడు ఒక కుర్రాడు. లైటు వెలుగుతుంది, కొడవలి కోస్తుంది, రెండూ కలిసి కొత్తగా చేసింది ఏమీ లేదు. ఇక కరెంటూ డీజిలూ అక్కర్లేకుండా తనంతట తాను తిరిగే చక్రం ఏడాదికి ఒకరైనా తెస్తారు. ప్రకృతి నియమాలకు విరుద్ధమైనదానికి పేటెంట్ ఇవ్వరు. వాళ్లకు టీ ఇచ్చి పంపిస్తాను.

మా తాతగారు చెప్పిన ఆకు పసరు మందు ఉంది. దానికి?

తరతరాలుగా తెలిసిన జ్ఞానానికి పేటెంట్ లేదు. గాయానికి పసుపు పెట్టడం మీద అమెరికాలో ఎవరో తీసుకున్న పేటెంట్‌ను మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది కూడా ఈ వాదనతోనే. అది మనకు అనుకూలంగా పనిచేసినట్టే మనకు అడ్డంగానూ పనిచేస్తుంది.

ముందుగా నలుగురికి చూపించి అభిప్రాయం అడగవచ్చా?

దరఖాస్తు వేయకముందు వద్దు. ఈ ఒక్క జవాబు కోసమే ఈ పేజీ మొదలుపెట్టాను.

పదిహేనేళ్ల కిందటి సంగతి. మా వైపు, పలాస-కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు కొట్టే పని మీద ఎన్ని ఇళ్లు బతుకుతున్నాయో మీకు తెలుసు. ఉడికించిన పిక్కను ఎడమ చేత్తో రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కి, కుడి చేత్తో పిడి తిప్పితే పెంకు విడిపోతుంది. ఆ పెంకులోంచి ఊరే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పని చేసే ఆడవాళ్లు వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంటారు. అయినా ఏళ్లు గడిచేసరికి వేలికొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. మా వదిన చేతులు చూసి, పిక్కను వేళ్లకు బదులు ఒక చిన్న పట్టీ పట్టి ఉంచేలా చేశాను. పెడల్ లేస్తే పట్టీ విచ్చుకుంటుంది, తొక్కితే పట్టుకుంటుంది. వేలు బ్లేడు దగ్గరికి పోనక్కరలేదు. పప్పు కూడా బద్దలు తక్కువై గుండుగా ఎక్కువ వచ్చేది.

సంతోషం ఆపుకోలేక ఒక మేళాలో స్టాలు పెట్టాను. మూడు రోజులు, వచ్చినవారికల్లా విప్పి చూపించాను. ఒకాయన రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు ఫోనుతో ఫోటోలు తీస్తుంటే, నేనే పక్కకు జరిగి వెలుతురు ఇచ్చాను. మరుసటి ఏడాది ఆ పట్టీ ఉన్న కట్టర్లు నాలుగు ఊళ్లలో అమ్ముతున్నారు. నేను ఏజెంటు దగ్గరికి పరుగెత్తితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, దీన్ని ఎక్కడైనా బహిరంగంగా చూపించారా అని. చూపించానన్నాను. ఆయన కలం మూత పెట్టేశారు. నా వస్తువు కొత్తదనాన్ని చెడగొట్టింది ఆ ఫోటోలు తీసినాయన కాదు, స్టాలు పెట్టిన నేను.

చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో చూపితే 12 నెలల్లోపు దరఖాస్తు వేయవచ్చు. విద్వత్సభలో చదివిన పత్రానికీ అలాంటి వెసులుబాటే ఉంది. కానీ మన జిల్లా మేళాలు, కాలేజీ ఎగ్జిబిషన్లు మామూలుగా ఆ ప్రకటనలో ఉండవు. వాట్సాప్ స్టేటస్, యూట్యూబ్ వీడియో, స్థానిక పేపర్లో ఫోటోతో వార్త, ఇవన్నీ బయటపెట్టడమే. విలేకరి వస్తే వినయంగా వచ్చే నెల రమ్మనండి.

మరి వాడి చూడకుండా ఎలా తెలుస్తుంది? పరీక్షించాలి కదా?

ఇంట్లో, షాపులో, నోరు కట్టుకోగలిగినవారి దగ్గర పరీక్షించండి. బయటివారి చేతికి ఇవ్వక తప్పకపోతే గోప్యతా ఒప్పందం రాయించుకోండి. స్టాంపు పేపరు మీద ఒక పేజీ చాలు: ఏ వస్తువు, ఎవరికి, ఎందుకు ఇస్తున్నారు, ఎవరికీ చెప్పకూడదు, తారీఖు, సంతకాలు. బంధువు దగ్గర సంతకం అడగడం మనకు మొహమాటం. అల్లుడిని సంతకం అడిగినందుకు నెల రోజులు అలిగిన ఇల్లు నాకు తెలుసు. ఆ అలక తీరింది, హక్కూ మిగిలింది.

పొలంలో, రోడ్డు మీద తప్ప పరీక్షించడం కుదరని వస్తువు అయితే, దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు సముచితమైన పరీక్ష కోసం బహిరంగంగా నడిపితే దాన్ని తప్పుగా పట్టరు. కానీ పరీక్ష పేరుతో నాలుగు అమ్మితే అది పరీక్ష కాదు.

ఇలాంటిది ఇదివరకే ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు కాళ్లతో వెతకండి, తర్వాత కంప్యూటర్‌లో. అదే పని చేసే పాత మిషన్లు అమ్మే షాపులు, మరమ్మతు చేసే మేస్త్రీలు, ఆ పని చేసే ఊళ్లు చూడండి. మీ గుట్టు చెప్పకుండా వాళ్ల దగ్గర ఉన్నవి చూసి రండి. ఆపైన భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో, గూగుల్ పేటెంట్స్‌లో వెతకండి. రెండూ ఉచితమే.

వెతికేటప్పుడు వస్తువు పేరుతో కాక అది చేసే పనితో వెతకాలి. చింతపిక్క తీసే మిషనుకు ఎవరూ మనం పెట్టే పేరు పెట్టరు. పండు గుజ్జు నుంచి గింజను విడదీసే పరికరం అని ఉంటుంది. ఒక కాగితం దొరికితే, చివరి పేజీల్లో అది ప్రస్తావించిన పాత కాగితాలను చూడండి. తీగ లాగితే డొంక కదులుతుంది. మీదాన్ని పోలినవి అయిదారు దొరికితే నీరసపడకండి. వాటికీ మీదానికీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో రాయగలిగితే దరఖాస్తుకు వెన్నెముక దొరికినట్టే. రాయలేకపోతే అక్కడే ఆగండి, డబ్బు మిగులుతుంది.

పర్లాకిమిడిలో ఉంటే ఏ ఆఫీసు? పాతపట్నంలో ఉంటే?

ఏరుకు ఇటువైపు కోల్‌కతా, అటువైపు చెన్నై. దేశంలో పేటెంట్ ఆఫీసులు నాలుగు: కోల్‌కతా, ఢిల్లీ, ముంబై, చెన్నై. ఒడిశా కోల్‌కతా కిందికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెన్నై కిందికి వస్తాయి. మీ నివాసం లేదా వ్యాపారం ఎక్కడ ఉందో, లేదా ఆవిష్కరణ ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి ఆఫీసు. మహారాష్ట్రలోని సిరోంచ, బల్లార్‌పూర్ వైపు బంధువులు ఉంటే వాళ్లది ముంబై.

దీనికోసం ఎవరూ రైలు ఎక్కనక్కరలేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వేయవచ్చు, హియరింగులు వీడియోలో జరుగుతున్నాయి. వచ్చిన హక్కు దేశమంతటికీ ఒకటే. ఒడిశా పేటెంట్, ఆంధ్రా పేటెంట్ అని వేరువేరుగా లేవు.

మన వైపు వచ్చే అసలు చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఒక రకం, ఒడియా మీడియం స్కూలు సర్టిఫికెట్‌లో మరో రకం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర, భూమి పట్టాలో మొదట. ఏదో ఒక స్పెల్లింగు ఎంచుకుని అన్ని ఫారాల్లో అదే వాడండి. తర్వాత దిద్దించుకోవడానికి మళ్లీ ఫారం, మళ్లీ ఫీజు.

దరఖాస్తు తెలుగులో రాయవచ్చా?

కుదరదు. ఇంగ్లీషు లేదా హిందీ మాత్రమే. ఒడియాలోనూ కుదరదు. కానీ మొదటి ప్రతి తెలుగులోనే రాయమంటాను. మీ వస్తువు ఎలా పనిచేస్తుందో మీ భాషలో అరటిపండు వలిచినట్టు చెప్పలేకపోతే, ఇంగ్లీషులో రాసేవాడు తన ఊహ కలిపి నింపుతాడు. బొమ్మలు మాత్రం మీరే గీయండి, లేదా ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ చేత గీయించండి. ప్రతి భాగానికీ ఒక అంకె, ఆ అంకె వివరణలో ఎక్కడ వచ్చినా అదే భాగం.

ప్రొవిజనల్ అంటే ఏమిటి? అది వేస్తే చాలా?

వస్తువు ఇంకా పూర్తిగా కుదరకపోయినా, దాని సారం రాసి ముందుగా తారీఖు దక్కించుకునే దరఖాస్తు అది. 12 నెలల్లోపు పూర్తి వివరణ వేయాలి. వేయకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. మన చిన్న షాపుల వారికి ఇంతకంటే మంచి సాధనం లేదు. 1,600 రూపాయలతో ఏడాది గడువు దొరుకుతుంది. ఆ ఏడాదిలో నలుగురికి చూపించి, కొనేవారున్నారా లేదా తేల్చుకోవచ్చు. లేరని తేలితే అంతటితో ఆపేయవచ్చు.

ఒక జాగ్రత్త. ప్రొవిజనల్‌లో రాయనిదానికి ఆ తారీఖు వర్తించదు. రెండు పేరాలు గీకి పడేసి, ఏడాది తర్వాత అసలు కీలకం చేరిస్తే, ఆ కీలకానికి తారీఖు ఏడాది తర్వాతదే అవుతుంది. ఈలోగా మీరే దాన్ని బయట చూపించి ఉంటే నా మేళా కథే మళ్లీ.

క్లెయిమ్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే భయపెడుతున్నారు.

పూర్తి వివరణ చివర అంకెలు వేసి రాసే వాక్యాలు క్లెయిములు. మీ హక్కు ఎంతవరకో చెప్పే సరిహద్దు రాళ్లు అవి. ముందు ఇరవై పేజీల్లో ఎంత అందంగా రాసినా, కోర్టు చూసేది ఆ రాళ్ల లోపల ఎవరైనా అడుగుపెట్టారా అన్నదే.

నా రెండో వస్తువు చింతపండు పిక్క తీసే పరికరం. దాని మొదటి క్లెయిము నేను రాసిన తీరు ఇది: 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ మీద బిగించిన ఇత్తడి స్ప్రింగు, దాని కింద పద్నాలుగు పళ్లున్న రెండు ఇనుప దువ్వెనలు. కొలతలు చూసి గర్వపడ్డాను. ఏజెంటు నవ్వి, నేను ఇత్తడి స్ప్రింగు తీసేసి రబ్బరు ముక్క పెడితే మీరు నన్ను ఏం చేయగలరు అని అడిగారు. దువ్వెనకు పదమూడు పళ్లు పెడితే? నా దగ్గర జవాబు లేదు. రెండు గంటలు కూర్చుని తిరిగి రాశాం. ఒక జత పళ్ల వరుసలు, వాటిని ఒకదాని వైపు మరొకదాన్ని నొక్కి ఉంచే సాగే గుణమున్న భాగం, గుజ్జు జారి పిక్క ఆగిపోయేంత సందు. స్ప్రింగు, రబ్బరు, పళ్ల లెక్క అన్నీ రెండో క్లెయిము నుంచి కిందికి దిగాయి.

మరీ విశాలంగా రాస్తే పాత వస్తువులు కూడా అందులోకి వచ్చిపడి, కొత్తదనం లేదని కొట్టేస్తారు. మరీ ఇరుకుగా రాస్తే నకలు చేసేవాడు పక్కసందులోంచి పోతాడు. ఈ పనికి మాత్రం ఏజెంటుకు డబ్బు ఇవ్వడం దండగ కాదు. మిగతావన్నీ ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. ఏజెంటు రిజిస్టరైనవారో కాదో పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. మామూలు వకీలుకు కోర్టు తెలుస్తుంది, స్ప్రింగు తెలియదు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ ప్రభుత్వ ఫీజు: దరఖాస్తుకు 1,600, పరిశీలన (పేటెంట్ ఇవ్వదగినదో కాదో ఆఫీసు చూడటం) కోరడానికి 4,000. 30 పేజీలు దాటితే పేజీకి 160, 10 క్లెయిములు దాటితే ఒక్కోదానికి 320. త్వరగా ప్రచురించమంటే 2,500. కాగితాల రూపంలో ఇస్తే కొంచెం ఎక్కువ. అంటే ప్రభుత్వానికి కట్టేది ఒక మంచి సెల్‌ఫోను ధర కంటే తక్కువ. ఏజెంటు ఫీజు వేరు, అది పదుల వేలలోకి పోతుంది. ముందే రాతపూర్వకంగా అడగండి: ఇందులో అభ్యంతరాలకు జవాబు రాయడం కలిసి ఉందా, హియరింగ్ కలిసి ఉందా? తక్కువ ధర చెప్పి తర్వాత మెట్టుమెట్టుకూ వసూలు చేసేవారు ఉన్నారు.

దరఖాస్తు వేశాక ఏం జరుగుతుంది?

18 నెలలకు ప్రచురిస్తారు. పరిశీలన కోసం మీరు విడిగా అడగాలి. 2024 మార్చి 15 తర్వాత వేసిన దరఖాస్తులకు ఆ గడువు 31 నెలలు, అంతకుముందు 48 ఉండేది. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు, దరఖాస్తు చచ్చిపోతుంది. పరిశీలకుడు అభ్యంతరాలతో నివేదిక పంపుతాడు. అది చూసి ఇంట్లో వాళ్లు చావు కబురు వచ్చినట్టు చూస్తారు. అభ్యంతరాలు రాని దరఖాస్తు అరుదు. ఆరు నెలల్లో జవాబివ్వాలి, అడిగితే మరో మూడు నెలలు ఇస్తారు. మహిళలు, స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు ఎక్కువ ఫీజు కట్టి వేగంగా పరిశీలించమని కోరవచ్చు. నాకు మామూలు దారిలో ఆరేళ్లు పట్టింది.

మా కాలేజీ సార్ పేటెంట్ వచ్చిందని దండ వేయించుకున్నారు. ఏడాదిలోనే ఎలా వచ్చింది?

బహుశా ప్రచురణ అయి ఉంటుంది. ప్రచురించడం అంటే మీరు అడిగినది లోకానికి చూపించడం, ఇవ్వడం కాదు. డబ్బు తీసుకుని ప్రచురణ సర్టిఫికెట్ చేతిలో పెట్టి, ఫోటోలో పది పేర్లు ఇరికించే దుకాణాలు పెరిగాయి. ఉద్యోగంలో మార్కుల కోసం కొనుక్కునేవారు కొనుక్కోనివ్వండి. మీకు వస్తువు అమ్ముకోవాలని ఉంటే వాటి జోలికి పోకండి. వస్తువు మీద పేటెంట్ పెండింగ్ అని రాసుకోవచ్చు. పేటెంట్ రాకుండానే వచ్చిందని రాస్తే జరిమానా పడుతుంది.

వెల్డింగ్ చేసిన మేస్త్రీ పేరు కూడా పెట్టాలా?

మీరు చెప్పినట్టు వెల్డింగ్ చేస్తే అక్కర్లేదు. ఇక్కడ సందు పెడితే గుజ్జు జారుతుందని ఆయనే కనిపెట్టి ఉంటే పెట్టాలి. డబ్బు పెట్టిన బావగారు ఆవిష్కర్త కారు. ఆయన దరఖాస్తుదారుగా ఉండవచ్చు, అప్పుడు మీరు హక్కు రాసిచ్చినట్టు కాగితం ఉండాలి. ఇద్దరు యజమానులుంటే ఒకరు అనుమతించకుండా మరొకరు మూడో మనిషికి లైసెన్సు, అంటే చేసి అమ్ముకునే అనుమతి, ఇవ్వలేరు. కలిసి భోజనం చేస్తున్న రోజుల్లోనే వాటాలు రాసుకోండి. కాలేజీ ప్రయోగశాలలో చేసిన విద్యార్థులు ఆ సంస్థ నియమాలు ముందుగా చదవాలి.

పేటెంట్ ఒక్కటే దారా?

కాదు. మన వైపు సగం మందికి కావలసింది వేరే. ఆకారం కొత్తది, పని పాతదే అయితే డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించండి. పదేళ్లు, మరో అయిదేళ్లు పొడిగింపు, వ్యక్తులకు ఫీజు 1,000. దీనికీ ముందుగా బయటపెట్టకూడదన్న నియమమే. పేరుకు, గుర్తుకు ట్రేడ్‌మార్క్ తీసుకోండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి 4,500, పదేళ్లకోసారి పొడిగించుకుంటూ ఎప్పటికీ ఉంచుకోవచ్చు. ఊరగాయ, అగరబత్తి, మసాలా చేసేవారు పేటెంట్ ఊసే ఎత్తకుండా పాళ్లు గుట్టుగా ఉంచుకుని, పేరు మీద పెట్టుబడి పెట్టడం మేలు. చైనాలో, జర్మనీలో చిన్న మార్పులకు ఇచ్చే యుటిలిటీ మోడల్ హక్కు మన దేశంలో లేదు. ఉంటే నా బోటివాళ్లకు బాగుండేది.

కొత్త విత్తన రకానికి పేటెంట్ రాదు, మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణకు వచ్చిన 2001 చట్టం కింద రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు. బరంపురం పట్టు, కోట్‌పాడ్ నేత, కోరాపుట్ కాలాజీరా బియ్యం పొందినది భౌగోళిక గుర్తింపు. అది ఒక ప్రాంతం మొత్తానిది, ఒక మనిషిది కాదు. బరంపురం దేవాంగుల వీధిలో ఒక నేతగాడు కొత్త అంచు గీస్తే, ఆ అంచుకు ఆయన పేరుతో డిజైన్ అడగవచ్చు.

డబ్బు లేదు. ఎవరైనా సాయం చేస్తారా?

పెద్ద చదువులు లేకుండా సొంతంగా కనిపెట్టినవారికి నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఉంది. 2000లో మొదలైన సంస్థ, గుజరాత్‌లో ఉంది. నచ్చితే పేటెంట్ పని వాళ్లే చూస్తారు. చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రానికి అండగా నిలిచింది వాళ్లే. పోచంపల్లి చీర కోసం తల్లి లక్ష్మి రోజంతా చెయ్యి ఆడిస్తూ నూలు చుట్టలేక భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆయన చేసిన యంత్రం అది. ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషికి 2017లో పద్మశ్రీ వచ్చింది. మా వదిన చేతులు చూసి నేను మొదలుపెట్టినట్టే ఆయనా మొదలుపెట్టారు. ఆయన ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకున్నారు, నేను మేళాకు వెళ్లాను.

స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే, ప్రభుత్వ జాబితాలోని ఏజెంటు ఫీజును కేంద్రమే భరించే పథకం ఉంది. నమూనా తయారీకి నిధి-ప్రయాస్ అనే కేంద్ర పథకం కింద 10 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు, ఏదైనా ఇంక్యుబేటర్ (కొత్త సంస్థలకు చేయూతనిచ్చే కేంద్రం) ద్వారా అడగాలి. ఫ్యాక్టరీ పెట్టే దశకు వస్తే జిల్లా పరిశ్రమల కేంద్రంలో పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) గురించి అడగండి. వర్గాన్ని, ఊరిని బట్టి ప్రాజెక్టులో 15 నుంచి 35 శాతం సబ్సిడీ.

పేటెంట్ వచ్చింది. ఇక కొనేవాళ్లు వస్తారు కదా?

నేనూ అలాగే అనుకున్నాను. పిక్క తీసే పరికరం నిజంగా పనిచేసేది. పిక్క తీసిన చింతపండుకు సంతలో ధర ఎక్కువని అందరికీ తెలుసు. రాయగడ, గుణుపూర్ సంతల్లో తిరిగాను. ఒక కొండ ఊళ్లో ఒక అవ్వ నా మిషను దగ్గర కూర్చుని నాలుగు గుప్పెళ్లు తిప్పి, బాగుందని మెచ్చుకుని, లేచి వెళ్లి మళ్లీ తన రాయి ముందు కూర్చుంది. ధర ఎంతని కూడా అడగలేదు. ఇంట్లో నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ కొడితే వాళ్లకు ఖర్చు సున్నా. పండు వచ్చేది ఏడాదిలో మూడు నెలలు. మిగతా తొమ్మిది నెలలు నా మిషను చూరు కింద తుప్పు పడుతుంది. మూడు నెలల పనికి 4,500 ఎవరు పెడతారు?

ఆ లెక్క ప్రొవిజనల్ వేసిన ఏడాదిలోనే వేసుకోవలసింది. అమ్మవలసింది అవ్వకు కాదు, టన్నుల లెక్కన కొని గోదాములో కూలీల చేత పిక్క తీయించే వ్యాపారికి, మహిళా సంఘానికి. వాళ్లకు కావలసింది చేతి మిషను కాదు, మోటారుది. అది తెలిసేసరికి నా క్లెయిములు రాసేశాను, ఓపిక అయిపోయింది.

ఏరు దాటి అమ్మితే పన్ను ఎలా?

ఇది చాలామందికి తెలియదు. రాష్ట్రం లోపల సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి ఒక్క మిషను అమ్మినా అది అంతర్రాష్ట్ర అమ్మకం. మొదటి మిషనుకే రిజిస్ట్రేషన్ కావాలి. ఇక్కడి నుంచి కనబడే ఊరు కదా అంటే చట్టం వినదు.

తయారీ నావల్ల కాదు. ఎవరికైనా ఇచ్చేయవచ్చా?

లైసెన్సు ఇవ్వవచ్చు, పూర్తిగా అమ్మేయవచ్చు. ఏదైనా రాతపూర్వకంగా ఉండాలి, పేటెంట్ ఆఫీసులో నమోదు కావాలి. మిషనుకు ఇంత అని రాయల్టీ రాసుకుంటే, ఏడాదికి కనీసం ఇన్ని తయారుచేయాలి, లేకపోతే లైసెన్సు వెనక్కి అన్న షరతు తప్పక పెట్టండి. లేకపోతే పోటీ రాకూడదని తీసుకుని అలమారాలో పడేసేవారు ఉంటారు. పేటెంట్‌ను వాడుతున్నారో లేదో మూడేళ్లకోసారి ఆఫీసుకు చెప్పాలి, అది మరచిపోకండి.

ఎవరైనా నకలు చేస్తే పోలీసు స్టేషన్‌కు వెళ్లాలా?

పేటెంట్ ఉల్లంఘన పోలీసు కేసు కాదు. జిల్లా కోర్టుకు తగ్గకుండా సివిల్ దావా వేయాలి. పేటెంటే చెల్లదని ఎదుటివాడు అడ్డు దావా వేస్తే కేసు హైకోర్టుకు పోతుంది. మన వైపు అది కటక్. పేటెంట్ చేతికి రాకముందు దావా వేయలేరు, వచ్చాక మాత్రం ప్రచురణ రోజు నుంచి నష్టం అడగవచ్చు. చాలాసార్లు ఏజెంటు చేత పంపిన ఒక నోటీసుతోనే చిన్న నకలుదారు బేరానికి వస్తాడు. అతనికే లైసెన్సు ఇచ్చి, నెలనెలా డబ్బు తీసుకోవడం కోర్టు మెట్లకంటే సుఖం.

విదేశాల్లో?

మన దరఖాస్తు తారీఖు నుంచి 12 నెలల్లోపు వేయాలి. మన దేశంలో వేశాక ఆరు వారాలు ఆగాలి, లేదా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఖర్చు లక్షల్లో. అక్కడ కొనేవాడు ముందే చేతిలో ఉంటే తప్ప వద్దు.

పేటెంట్‌ను ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు? ఫీజు ఆపేస్తే?

దరఖాస్తు తారీఖు నుంచి 20 ఏళ్లు. మూడో ఏడాది నుంచి ఏటా రుసుము: ఆరో ఏడాది వరకు 800, పదో ఏడాది వరకు 2,400, పదిహేను వరకు 4,800, ఇరవై వరకు 8,000. చివరిదాకా లాగితే 76,800 అవుతుంది. గడువు దాటితే జరిమానాతో ఆరు నెలలు చూస్తారు. ఆ తర్వాత హక్కు పోతుంది. పోయిన నాటి నుంచి 18 నెలల్లోపు, తగిన కారణం చూపితే తిరిగి తెచ్చుకోవచ్చు.

నేను ఎనిమిదో ఏడాది దాకా కట్టి ఆపేశాను. ఇప్పుడు ఆ పిక్క తీసే పరికరం అందరిదీ. వివరణ, బొమ్మలు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, ఎవరైనా చూసి చేసుకోవచ్చు. మోటారు బిగించి చేస్తే నాకూ ఒకసారి చూపించండి. బొమ్మ 2లో మాత్రం స్ప్రింగు తలకిందులుగా గీశాను, చూసుకోండి.